విమానములో సరుకు పంపుట – గన్నవరము విమానాశ్రయము, కార్గో కేంద్రము: కృష్ణా డెల్టా రైతు తెలిసికొనవలసిన విషయములు

పంట పండించుట ఒక ఎత్తు. పండిన దానిని చెడకుండ కొనువాని చేతికి చేర్చుట మరియొక ఎత్తు. కృష్ణా డెల్టా చరిత్ర చూచిన యెడల ఈ మాట లోని నిజము తెలియగలదు. 1855 లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, పడవలకు దారియు నిచ్చినవి. ఏలూరు కాలువ మీద ధాన్యపు పడవలు నడచినవి. 1893 లో కృష్ణపై రైలు వంతెన పూర్తియైనది; కాలక్రమమున మన సరుకు మద్రాసుకును, కలకత్తాకును పోవు మార్గమేర్పడినది. తరువాత లారీలు వచ్చినవి. కైకలూరు చెరువుల చేప మంచులో పండుకొని లారీలలో ఈశాన్య రాష్ట్రముల వరకు పోవుచున్నది. ఇపుడు విమానమును గూర్చిన మాట వినవచ్చుచున్నది.

పడవకు రేవు వలెను. రైలుకు గూడ్సు షెడ్డు వలెను. లారీకి యార్డు వలెను. అట్లే విమానములో సరుకు పోవుటకు కార్గో కేంద్రము వలెను. గన్నవరము వంటి రద్దీగల విమానాశ్రయములో ఇట్టి కేంద్రమును విస్తరించిన యెడల రైతుకు ఏమి ఒనగూడును, ఏమి ఒనగూడదు, ఏ విషయములలో జాగ్రత్తపడవలెను అను సంగతులను ఈ వ్యాసములో వివరింతుము.

గన్నవరము విమానాశ్రయము

గన్నవరము విమానాశ్రయము విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరములో, మద్రాసు – కలకత్తా జాతీయ రహదారి ప్రక్కనే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఇచట మొదట విమానములు దిగు మైదాన మేర్పడినది. రాష్ట్ర విభజన తరువాత దీని రాకపోకలు త్వరితముగా పెరిగినవి. 2017 జనవరిలో కొత్త ప్రయాణికుల భవనము ప్రారంభమైనది. అదే సంవత్సరము దీనికి అంతర్జాతీయ హోదా లభించినది. 2018 డిసెంబరులో సింగపూరుకు విమానము నడచినది గాని, కొలది మాసములకే, 2019 లో, అది ఆగిపోయినది. రన్‌వే పొడవు 3,360 మీటర్లకు పెంచబడినది. 2019 ఫిబ్రవరిలో పెద్ద భవనమునకు శంకుస్థాపన జరిగినది. ఏటా పది లక్షలకు పైగా ప్రయాణికులు ఇచటినుండి రాకపోకలు సాగించుచున్నారు.

ప్రయాణికుల విమానాశ్రయములో సరుకుల మాట ఎందుకు అని మీరడుగవచ్చును. ప్రయాణికులు కూర్చుండు గది క్రింద, విమానపు కడుపులో, సామాను పెట్టు అరలు గలవు. ప్రయాణికుల సామాను పోగా మిగిలిన చోటులో సరుకు వేయుదురు. గన్నవరము వంటి చోట్ల సరుకు ప్రధానముగా ఇట్లే పోవును. సుమారు 180 మంది కూర్చుండు విమానములో, సామాను పోగా, రెండు మూడు టన్నులకు మించి సరుకునకు చోటు మిగులుట అరుదు. 70 మంది కూర్చుండు చిన్న విమానములో అదియు ఉండదు. ఒక్క పెద్ద లారీ మోయు మామిడిని మోయుటకు నాలుగైదు విమానములు కావలసియుండును. ఈ లెక్క మొదట మనసున నాటుకొనవలెను. విమానము లారీకి బదులు కాదు. లారీ చేయజాలని కొద్ది పనులకు మాత్రమే విమానము.

మరియొక విషయము. ఎండలో గాలి పలచబడును. పలచని గాలి విమానమును లేపుటకు తక్కువ సాయపడును. కావున మే మాసపు మధ్యాహ్నమున విమానము మోయగల బరువును తగ్గించవలసి రావచ్చును. అట్టి సమయమున మొదట దింపబడునది ప్రయాణికుల సామాను కాదు, సరుకే. మన మామిడి కోత సరిగా ఆ రోజులలోనే యుండును. తెల్లవారుజామున గాని, రాత్రి గాని బయలుదేరు విమానమును కోరుకొనుట అందుచేతనే మేలు.

కార్గో కేంద్రములో జరుగు పని

కార్గో కేంద్రమనగా కేవలము పెద్ద షెడ్డు కాదు. దానిని కాలువ తలలోని లాకు గదితో పోల్చవచ్చును. ఒక ప్రక్క రోడ్డు, మరియొక ప్రక్క విమానములు నిలుచు ఆవరణ. నడుమ సరుకు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు దాటును. దాటుటకు ముందు ఈ పనులు వరుసగా జరుగవలెను:

1. లారీనుండి దింపుట, పెట్టెలు లెక్కించుట.
2. తూచుట, కొలుచుట.
3. కాగితములు చూచుట. విమాన సరుకునకు వ్రాయు రసీదును ఎయిర్‌వే బిల్లు అందురు.
4. భద్రతా తనిఖీ. ప్రతి పెట్టెయు ఎక్సురే యంత్రము క్రిందుగా పోవలెను.
5. విదేశమునకు పోవు సరుకైన, సస్య నిర్బంధ అధికారి పరీక్షయు, కస్టమ్సు అనుమతియు.
6. విమానము వచ్చువరకు నిలువ.
7. బండిపై పేర్చి విమానము వద్దకు కొనిపోయి ఎక్కించుట.

ఏడు పనులలో ఆరు చురుకుగా జరిగి ఒకటి మందగించినను సరుకంతయు అచటనే నిలిచిపోవును. పది కిలోమీటర్ల కాలువలో ఒక్క తూము ఇరుకైన యెడల చివరి పొలమునకు నీరు చేరనట్లే ఇదియును. కావున కేంద్రము ఎన్ని చదరపు మీటర్లు కట్టినారు అను దానికంటె, లారీ గుమ్మము వద్దకు వచ్చిన క్షణము మొదలు విమానము ఎక్కువరకు ఎన్ని గంటలు పట్టినది అను దానినే రైతు అడుగవలెను.

విమానాశ్రయముల ప్రాధికార సంస్థ 2016 లో సరుకుల పనికై ప్రత్యేకముగా ఒక అనుబంధ సంస్థను నెలకొల్పినది. హైదరాబాదు సమీపమున 2008 లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయములో ఔషధముల సరుకునకు వేడి తగులకుండ ప్రత్యేక విభాగమేర్పరచిరి. బెంగుళూరు విమానాశ్రయము కూరలు, పూలు మున్నగు త్వరగా చెడు సరుకుల ఎగుమతిలో దేశమున ముందు వరుసలో ఉన్నది. ఈ రెండు చోట్లను గమనించిన ఒక సంగతి స్పష్టమగును. షెడ్డు కట్టినంత మాత్రాన సరుకు రాదు. హైదరాబాదులో ఔషధ కర్మాగారములున్నవి; బెంగుళూరు చుట్టును కూరలు, గులాబీలు పండించు రైతులున్నారు. ఏడాది పొడుగున, రోజును, ఒకే నాణ్యముతో వచ్చు సరుకు అచట ఉన్నందుననే శీతల గదులు ఖాళీగా పడియుండుట లేదు.

ఏ సరుకు విమానమునకు తగినది?

దీనికి మూడు ప్రశ్నలు చాలును. కిలో ధర హెచ్చుగా ఉన్నదా? ఒకటి రెండు రోజులలో చెడునా? దూరపు కొనుగోలుదారు దానికై ఎదురుచూచుచున్నాడా? మూడింటికిని అవునని చెప్పగలిగిననే విమానము మాట తలపెట్టవలెను.

వరికి ఈ మార్గము పనికిరాదు. దుగ్గిరాల పసుపు, గుంటూరు ఎండు మిరప నిలువయుండు సరుకులు; ఓడయు, రైలుయు, లారీయు వానికి చాలును. మంచులో గడ్డ కట్టించిన రొయ్య శీతల పెట్టెలలో ఓడ మీద పోవును. దానిని విమానములో పంపిన ఖర్చు గిట్టదు. అరటి బరువు హెచ్చు, ధర తక్కువ. చెరువు చేపకు లారీ మార్గమే నప్పినది.

ఇక తగినవి చూతము. రొయ్య పిల్ల మొదటిది. 2009 లో మన దేశమున వనామి రొయ్యకు అనుమతి లభించినది మొదలు, విదేశములనుండి తల్లి రొయ్యలు విమానములలోనే చెన్నై వచ్చి, అచట నీలాంకరై నిర్బంధ కేంద్రములో పరీక్ష పొంది, హేచరీలకు చేరుచున్నవి. ప్రాణవాయువు నింపిన నీటి సంచులలో, మూత గట్టిగాగల థర్మోకోల్ పెట్టెలలో పిల్లలను దూర రాష్ట్రములకు పంపుటకు గంటలే ముఖ్యము. ప్రాణముతో పోవు మండపీత రెండవది. చచ్చిన పీతకు విదేశపు అంగడిలో విలువ లేదు.

పంటలలో తొలి కోత మామిడి, కరివేపాకు, తమలపాకు, పూలు, నాణ్యమైన విత్తనములు, అంటు మొక్కలు ఈ వరుసలోనికి రాగలవు. మామిడి విషయములో ‘తొలి కోత’ అను మాట గమనింపవలెను. నూజివీడు ప్రాంతపు బంగినపల్లి, రసములు నున్న మార్కెట్టుకు ముమ్మరముగా వచ్చు రోజులలో ధర పడిపోవును. ఆ రోజులలో విమానపు కూలి మోయుటకు పండు చాలదు. సీజను మొదటి రోజులలో, పండు కొరతగా ఉన్నపుడు మాత్రమే లెక్క సరిపోవచ్చును.

ఖాళీకి కూడ కూలి: పెట్టె లెక్క

విమానపు కూలి బరువును బట్టియే కాదు, పెట్టె ఆక్రమించు చోటును బట్టియు ఉండును. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటిని గుణించి, 6,000 చేత భాగించవలెను. వచ్చినది ‘చోటు బరువు’. అసలు బరువు, చోటు బరువులలో ఏది హెచ్చో దానికి కూలి కట్టవలెను.

ఒక ఉదాహరణ చూడుడు. 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తుగల పెట్టెలో 7 కిలోల కరివేపాకు పట్టినదనుకొందము. 60 × 40 × 30 = 72,000. దీనిని 6,000 చేత భాగించిన 12. అనగా 7 కిలోల ఆకుకు 12 కిలోల కూలి చెల్లించవలెను. లెక్క సులభముగా ఉండుటకు కిలోకు 50 రూపాయలనుకొన్న, పెట్టెకు 600 రూపాయలు; అసలు ఆకు కిలోకు సుమారు 86 రూపాయలు పడును.

అదే 7 కిలోలను 50 × 35 × 24 సెం.మీ. పెట్టెలో సర్దగలిగిన, 42,000 ను 6,000 చేత భాగింప 7 వచ్చును. కూలి 350 రూపాయలే. పెట్టె మార్చినంత మాత్రాన 250 రూపాయలు మిగిలినవి. అయితే ఆకును కుక్కి నింపరాదు. ఒత్తిన ఆకులో వేడి పుట్టి నల్లబడును. గాలి రంధ్రములుండవలెను, కట్టలు ఒక వరుసలో పడుకొనవలెను. మొదట రెండు మూడు కొలతల పెట్టెలలో కొద్ది ఆకు ఉంచి, ఒక రోజు గడచిన తరువాత విప్పి చూచి, ఏది మేలో నిర్ణయించుకొనుడు.

కోసిన పండు ఊపిరి పీల్చును

కోసిన పండు, ఆకు, పువ్వు చచ్చినవి కావు; అవి ఇంకను ఊపిరి పీల్చుచునే యుండును. ఆ ఊపిరిలో వాని నిలువ సరుకు ఖర్చగుచు, వేడి పుట్టును. వేడి పది డిగ్రీలు పెరిగిన, ఈ ఖర్చు రెండింతలు, ఒక్కొక్కపుడు మూడింతలగును. మధ్యాహ్నము 40 డిగ్రీల ఎండలో కోసిన కాయ ఒక గంటలో పోగొట్టుకొను ఆయువు, చల్లని గదిలో అనేక గంటలకు సమానము. విమానము రెండు గంటలలో ఢిల్లీ చేర్చినను, తోటలోను, షెడ్డు అరుగు మీదను పోగొట్టుకొనిన ఆయువును తిరిగి ఇవ్వజాలదు.

కావున ఈ పద్ధతులు పాటించవలెను. తెల్లవారుజామున, చల్లని వేళ కోయవలెను. మామిడిని ఒక సెంటీమీటరు తొడిమతో కోసి, సొన కారి తోలు మాడకుండ తొడిమ క్రిందికి ఉండునట్లు బల్లపై ఉంచి, సొన పోయిన తరువాత కడుగవలెను. పెట్టెలో పెట్టుటకు ముందే కాయలోని తోట వేడిని తీసివేయవలెను. వేడి కాయను పెట్టెలో మూసి చల్లని గదిలో ఉంచిన, అట్టపెట్టె దుప్పటివలె వేడిని దాచును.

చల్లదనము మంచిదని మితిమీరరాదు. మామిడిని 12, 13 డిగ్రీల వద్ద ఉంచవలెను. మరీ చల్లని గదిలో ఉంచిన, తోలు బూడిద రంగు తిరిగి, తరువాత సరిగా పండదు. గులాబీ వంటి పువ్వులకు 2 నుండి 4 డిగ్రీలు కావలెను. ఒకే శీతల గది అన్నిటికి చాలదు అనుటకు ఇదియే కారణము. గన్నవరములో శీతల గదులు కట్టునపుడు కనీసము రెండు వేరు వేరు ఉష్ణోగ్రతల గదులు ఉండునట్లు రైతు సంఘములు కోరవలెను. గది గుమ్మమునుండి విమానము వరకు గల ఎండ దారి కూడ తక్కువది కాదు. నీడగల బండి గాని, వేడిని ఆపు దుప్పటి గాని లేనిచో, అంతవరకు పడిన శ్రమ సిమెంటు నేల మీద కరగిపోవును.

పురుగు, మందు, కాగితము

విదేశమునకు పోవు సరుకును దేశపు గుమ్మము వద్దనే తిప్పి పంపునవి రెండు: పురుగు, మందు అవశేషము.

2014 మే నెలలో ఐరోపా దేశములు, పండు ఈగ మున్నగు పురుగులు కనబడుచున్నవను కారణముచే, మన దేశపు మామిడిని, దానితోపాటు వంగ, కాకర, పొట్ల, చేమలను నిషేధించినవి. మామిడిపై నిషేధము 2015 జనవరిలో తొలగినది. కొందరి సరుకులో పురుగున్నందుకు ఐరోపాకు సరుకు పంపు మన మామిడి రైతులందరు ఒక సీజను నష్టపడిరి. ఇపుడు దేశమును బట్టి శుద్ధి పద్ధతి ఉన్నది. 48 డిగ్రీల వేడి నీటిలో ఒక గంట ఉంచుట ఒక పద్ధతి. వేడి ఆవిరిలో పండు లోపలి కండ వరకు వేడి చేయుట మరియొకటి. అమెరికా దేశము 2007 నుండి మన మామిడిని, కనీసము 400 గ్రేల వికిరణము ఇచ్చిన పిమ్మటనే అనుమతించుచున్నది. ఈ శుద్ధి గుర్తింపు పొందిన కేంద్రములలోనే జరుగవలెను. కార్గో కేంద్రములో శీతల గది ఉండి, అందుబాటులో శుద్ధి కేంద్రము లేనిచో మామిడికి ఆ దారి మూసికొనియే యుండును.

పండు ఈగను తోటలోనే అరికట్టుట మేలు. రాలిన కాయలను ఏరోజు కారోజు ఏరి లోతుగా పూడ్చవలెను. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కాయ ముదురుటకు ముందే కట్టవలెను. కార్బైడుతో పండించుట చట్టరీత్యా నిషిద్ధము. ఎగుమతి సరుకులో అది పూర్తిగా పనికిరాదు.

మందు అవశేషమునకు కరివేపాకు మంచి ఉదాహరణ. మంగళగిరి సమీపమున పెదవడ్లపూడి ప్రాంతము కరివేపాకు సాగునకు పేరెన్నిక గన్నది. పరదేశములలోని మన వారికి ఇది లేనిదే తాలింపు లేదు. అయినను మందుల అవశేషముల కారణమున ఐరోపా దేశములు మన కరివేపాకును మామూలు కంటె హెచ్చుగా తనిఖీ చేయుచు వచ్చినవి. ఆకు పంటలో మందు కొట్టిన చోటే తినుచోటు. తొక్క తీసివేయుట ఉండదు. ఏ మందు, ఏ తేదీన, ఎంత మోతాదున కొట్టినది, కోతకు ఎన్ని రోజులు ముందు ఆపినది ఒక పుస్తకములో వ్రాయుడు. ఆ పుస్తకము లేని సరుకునకు విదేశపు వర్తకుడు ధర చెప్పడు.

నేల, నీరు: డెల్టా రైతు మరువరాని మాట

ఇంతవరకు సరుకు సంగతి. ఇక నేల సంగతి. విమానాశ్రయము పెరుగుటకు నేల కావలెను. గన్నవరము విస్తరణకై కేసరపల్లి, బుద్ధవరము, అజ్జంపూడి గ్రామముల రైతులు భూసమీకరణ పద్ధతిపై పొలములిచ్చిరి. ప్రతిగా రాజధాని ప్రాంతమున స్థలములు ఇచ్చుటకు ఒప్పందము జరిగినది. 2019 తరువాత రాజధాని పనులు ఏండ్ల తరబడి నిలిచిపోయినవి. పొలము వెంటనే పోయినది. స్థలము విలువ మాత్రము కాలము చేతిలో నిలిచినది. నేల ఇచ్చు రైతు, తనకు వచ్చునది ఏ తేదీకి, ఏ రూపమున, ఆలస్యమైన ఎవరు ఏమి చెల్లింతురు అనునది కాగితముపై ముందే వ్రాయించుకొనుట ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

కార్గో భవనమునకు కావలసిన నేల తక్కువ. దాని వెంట వచ్చు గిడ్డంగులు, లారీ ఆవరణలు, రోడ్లే హెచ్చు నేలను కోరును. అవి పల్లపు వరి భూములపై కాక, విమానాశ్రయపు సరిహద్దులోని నేలపైనను, రహదారి ప్రక్కనున్న మెరక నేలపైనను కట్టుట ఉభయులకు శ్రేయస్కరము.

నీటి లెక్క చూడుడు. ఒక ఎకరము వరి మడిలో గట్ల నడుమ 10 సెంటీమీటర్ల వాన నీరు నిలిచిన, అది సుమారు 4 లక్షల లీటర్లు. అదే ఎకరమును మెరక చేసి సిమెంటు పరచిన యెడల, ఆ నీరంతయు కొద్ది గంటలలో ప్రక్క మురుగు కాలువలో పడును. 20 ఎకరముల ఆవరణమైన 80 లక్షల లీటర్లు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ మునిగిన సంగతి మనమెరుగుదుము. బుడమేరు చేరునది కొల్లేరు. ఇచటి మురుగు పారుదల అసలే మందము. కావున కట్టడము ఎంత నీటిని వదలునో అంత నీటిని తన ఆవరణలోనే కొన్ని గంటలు ఆపి, మెల్లగా వదలు ఏర్పాటు ప్లానులో ఉండవలెను. ఆ గుంట వాన వెలసిన వెంటనే ఎండిపోవలెను. నిలువ నీరు పక్షులను రప్పించును. పక్షి విమానమునకు ప్రమాదము. ఇదే కారణమున విమానాశ్రయము చుట్టుప్రక్కల చేప వ్యర్థములు, కోళ్ళ వ్యర్థములు పారవేయరాదు. ఎత్తైన కట్టడములపై గల నిబంధనలను ఇల్లు గాని, షెడ్డు గాని కట్టుటకు ముందే విచారించుకొనవలెను.

ఒకే దారిని నమ్ముకొనరాదు

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండులో అగ్నిపర్వతము బ్రద్దలై, బూడిద ఆకాశమున వ్యాపించి, ఐరోపాలో దాదాపు ఆరు రోజులు విమానములు నిలిచినవి. ఎక్కడో ఆఫ్రికాలోని కెన్యా దేశపు రైతులు కోసిన పూలు, చిక్కుళ్ళు నైరోబీలో కుళ్ళినవి. 2020 మార్చి 25 నుండి రెండు మాసములు మన దేశమున ప్రయాణికుల విమానములు నిలిచినవి. ప్రయాణికుల విమానము లేనిచో దాని కడుపులోని సరుకు చోటు కూడ లేదు. గన్నవరము – సింగపూరు విమానము ఆగినపుడు కూడ రైతును ఎవరును అడుగలేదు.

కెన్యానుండి నేర్చుకొనదగిన మరియొక పాఠము గలదు. అచట విమాన సరుకు పెరిగిన తరువాత ఐరోపా కొనుగోలుదారులు నాణ్యత ధృవీకరణ కోరిరి. ఆ ఖర్చు ఒంటరిగా భరింపలేక చిన్న రైతులనేకులు ఆ వ్యాపారమునుండి తప్పుకొనిరి. సంఘముగా ఏర్పడినవారు నిలువగలిగిరి. కావున ఒకే ఎకరము, అర ఎకరముగల రైతులు ఉత్పత్తిదారుల సంఘముగా చేరి, ఒకే రకము, ఒకే పరిమాణము, ఒకే పుస్తకము పాటించి, కోత తేదీలను పంచుకొనవలెను. ఒక్క రోజు పది టన్నులు, మరునాడు సున్న అనుట విమానమునకు పనికిరాదు. రోజుకు అర టన్నైనను నిలకడగా వచ్చిననే చోటు కేటాయింతురు.

కేంద్ర ప్రభుత్వము 2020 బడ్జెటులో ప్రకటించిన కృషి ఉడాన్ పథకమును 2021 అక్టోబరులో సవరించినది. అది ప్రధానముగా ఈశాన్య, కొండ, గిరిజన ప్రాంతములకు ఉద్దేశించినది. పథకము పేరు విని రాయితీ వచ్చునని లెక్క వేసికొనక, మన విమానాశ్రయమునకు ఏది వర్తించునో ముందు విచారించుకొనుడు. అదే 2020 సెప్టెంబరులో అనంతపురమునుండి ఢిల్లీకి కిసాన్ రైలు నడచినది. రైలు కొన్ని గంటలు ఆలస్యమైనను చెడని సరుకునకు అట్టి మార్గమే చౌక.

పంపుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్నలు

1. కొనువాడు ఎవరు? ధరను, చెల్లించు తేదీని వ్రాతమూలకముగా ఇచ్చినాడా?
2. పెట్టె చోటు బరువు ఎంత? అసలు బరువుతో తేడా ఎంత?
3. కూలిపై తూకము, తనిఖీ, నిలువ, శీతల గది రుసుములు వేరుగా ఎంత?
4. సరుకును విమానము నుండి దింపివేసిన, ఆ రాత్రి అది ఏ గదిలో ఉండును? నష్టము ఎవరిది?
5. తోట పుస్తకము, ఎగుమతియైన ప్యాక్ హౌసు గుర్తింపు, సస్య ఆరోగ్య ధృవపత్రము సిద్ధముగా ఉన్నవా?
6. విమానము లేనిచో అదే సరుకు మరునాడు ఏ మార్కెట్టుకు పోవును?

ఆరవ ప్రశ్నకు జవాబు లేనంతవరకు సరుకు కోయవద్దు. మొదటి ఏడు పంటలో పదవ వంతునకు మించి ఈ దారికి పెట్టవద్దు. కొద్ది పెట్టెలతో ఆరంభించి, చేరిన తరువాత వాని ఫొటోలను కొనుగోలుదారుని వద్దనుండి తెప్పించుకొని, ఎచట చెడినదో చూచి, లోపము దిద్దుకొని, ఆ పిమ్మట పెంచుకొనుడు.

మామిడిని గూర్చి నూజివీడులోని మామిడి పరిశోధన స్థానమును, ఇతర పంటలను గూర్చి గరికపాడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రములను సంప్రదింపవచ్చును. కార్గో కేంద్రము విస్తరణను గూర్చి సభలు జరిగినపుడు రైతు సంఘములు హాజరై, రెండు ఉష్ణోగ్రతల గదులు, నీడగల అరుగు, రాత్రి వేళ పనిచేయు సస్య పరీక్షాధికారి, మురుగు నీటికి సరియైన ఏర్పాటు – ఈ నాలుగింటిని అడుగవలెను. గోడలు లేచిన తరువాత అడిగిన ప్రయోజనము తక్కువ. గీత కాగితముపై ఉన్నపుడే అడుగవలెను.